బిందు సేద్యంలో వడపోత: పరికరం చేరింది, నిర్వహణ చేరలేదు

బిందు సేద్యంపై వెలువడే నివేదికలలో సాధారణంగా మూడు అంకెలు కనిపిస్తాయి. ఎన్ని హెక్టార్లలో పరికరాలు అమర్చారు, ఎందరు రైతులకు రాయితీ అందింది, ఎంత సొమ్ము వ్యయమైంది అన్నవి ఆ మూడు. నాలుగవ అంకె ఒకటి ఉండవలసి ఉన్నా, అది అరుదుగా మాత్రమే కనిపిస్తుంది. అమర్చిన మూడేళ్ల తరువాత లేటరల్ పైపు చివరన ఉన్న డ్రిప్పరు గంటకు ఎన్ని లీటర్ల నీటిని ఇస్తున్నది అన్నదే ఆ అంకె. పథకం నిజమైన ఫలితం ఆ చివరి డ్రిప్పరు వద్దనే తేలుతుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మ సేద్య పథకం 2003లో ప్రారంభమైంది. అనంతపురం చీనీ తోటల నుండి నల్గొండ బత్తాయి తోటల వరకు, చిత్తూరు మామిడి నుండి గోదావరి జిల్లాల ఆయిల్ పామ్ వరకు బిందు సేద్యం నేడు సుపరిచితమైన పద్ధతి. 2015లో ఆరంభమైన ప్రధానమంత్రి కృషి సించాయి యోజన దీనికి జాతీయ స్థాయి ఊతమిచ్చింది. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం చిన్న, సన్నకారు రైతులకు 55 శాతం, ఇతరులకు 45 శాతం సహాయం లభిస్తుంది. దానిపై రాష్ట్రాలు తమ వంతు అదనంగా ఇస్తున్నాయి. ఇంత శ్రద్ధతో పొలానికి చేర్చిన పరికరంలో అన్నిటికంటే తక్కువ శ్రద్ధకు నోచుకున్న భాగం ఫిల్టరు. విస్తరణ వ్యవస్థ తన దృష్టిని పరికరాల పంపిణీ నుండి వడపోత నిర్వహణ వైపు మళ్లించనిదే బిందు సేద్యపు లాభం నిలవదన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

భవనాల నుండి నేర్వదగిన క్రమశిక్షణ

ఒక పెద్ద ఆసుపత్రిలోనో, హోటలులోనో, కర్మాగారంలోనో నీటి శుద్ధి గదిని పరిశీలిస్తే ఈ లోపం స్పష్టమవుతుంది. అక్కడ బోరు నీటిలోని ఇసుకను, ఒండ్రును ఆపడానికి సెడిమెంట్ ఫిల్టరు ఉంటుంది. బాగా నిర్వహించే భవనంలో దానికి ముందొకటి, వెనుకొకటి పీడన మాపకాలు (ప్రెషర్ గేజులు) ఉంటాయి. గోడకు వేలాడే రిజిస్టరులో ప్రతి పూటా రెండు రీడింగులు నమోదవుతాయి. ఒక ఫిల్టరును కడుగుతున్నపుడు నీరు ఆగకుండా పక్కనే మరొకటి పనిచేస్తుంది. మార్చవలసిన కార్ట్రిడ్జులు, గాస్కెట్లు అలమారాలో సిద్ధంగా ఉంటాయి. వార్షిక నిర్వహణ ఒప్పందం చేసుకున్న మెకానిక్కు పిలిస్తే వస్తాడు.

ఈ ఏర్పాటంతా ఫిల్టరు ఖరీదైనది కావడం వల్ల జరిగినది కాదు. ఫిల్టరు వెనుకనున్న బాయిలరు, శీతలీకరణ యంత్రం, ఆర్‌ఓ పొర ఖరీదైనవి కావడం వల్ల జరిగింది. పొలంలోనూ పరిస్థితి ఇదే. ఫిల్టరు వెనుక వేల మీటర్ల లేటరల్ పైపులు, వేలాది డ్రిప్పర్లు, వాటి మీద ఆధారపడిన పంట ఉన్నాయి. నీరు అదే, ఒండ్రు అదే, వడపోత సూత్రమూ అదే. భవనంలో ఫిల్టరుకు ఒక బాధ్యుడున్నాడు. పొలంలో ఆ బాధ్యత ఎవరిదో ఎవరూ చెప్పలేదు.

రోజుకు ఐదు కిలోల ఒండ్రు

వడపోత ప్రాధాన్యాన్ని రైతుకు వివరించడానికి ఒక చిన్న లెక్క చాలు. గంటకు 20,000 లీటర్లు పోసే మోటారు రోజుకు 5 గంటలు నడిస్తే లక్ష లీటర్ల నీరు పైపులలోకి వెళుతుంది. లీటరు నీటిలో 50 మిల్లీగ్రాముల తేలియాడే ఘన పదార్థం ఉందనుకుంటే ఆ ఒక్క రోజులో పైపులను చేరే మట్టి 5 కిలోలు. కంటికి దాదాపు స్వచ్ఛంగా కనిపించే నీటిలో కూడా ఈ మోతాదు ఉండవచ్చు. ఇంత మట్టి మిల్లీమీటరు వెడల్పు కూడా లేని డ్రిప్పరు మార్గాల ఎదుటకు చేరుతున్నదన్న విషయం రైతుకు తెలిస్తే ఫిల్టరును చూసే చూపే మారుతుంది.

డ్రిప్పరులోని అతి సన్నని మార్గంలో పదవ వంతు పరిమాణానికి మించిన కణాలన్నిటినీ ఫిల్టరు ఆపాలన్నది రూపకల్పనలో సాధారణంగా అనుసరించే నియమం. మార్గం 1 మిల్లీమీటరు అయితే 100 మైక్రాన్లకు మించిన కణం లోపలికి పోరాదు. అంతకంటే చిన్న కణాలు కూడా గుంపుగా చేరితే వంతెన కట్టి మార్గాన్ని మూసివేయగలవు. 120 మెష్ జల్లెడ సుమారు 130 మైక్రాన్ల వరకు, 200 మెష్ జల్లెడ సుమారు 75 మైక్రాన్ల వరకు ఆపుతుంది. 2 మైక్రాన్ల లోపు ఉండే బంకమట్టి కణాలను ఇవేవీ ఆపలేవు. అవి ఫిల్టరును దాటి, నీటి వేగం తగ్గే లేటరల్ చివరలలో పేరుకుంటాయి. కాబట్టి ఫిల్టరు ఎంత మంచిదైనా పైపుల చివరి మూతలు తీసి నీటిని వేగంగా వదలడం, అనగా ఫ్లషింగ్, తప్పనిసరి. ఆ సమయంలో పైపు చివర నీటి వేగం సెకనుకు కనీసం 0.3 మీటర్లు ఉండాలి. అన్ని మూతలనూ ఒకేసారి తెరిస్తే ఈ వేగం రాదు. కొన్ని కొన్నిగా తెరవాలి. చాలా శిక్షణ కార్యక్రమాలలో ఫ్లషింగ్ చేయమని చెబుతారు గాని ఈ చివరి మాట చెప్పరు.

నీటిని బట్టి ఫిల్టరు

రోగిని చూడకుండా మందు రాయడం ఎంత అసంబద్ధమో, నీటిని పరీక్షించకుండా ఫిల్టరును నిర్ణయించడం అంతే అసంబద్ధం. ఇసుక పోసే బోరుకు హైడ్రోసైక్లోన్ కావాలి. పంటకుంట, చెరువు, కాలువ నీటిలోని నాచును, సేంద్రియ మలినాలను పట్టడానికి ఇసుక ఫిల్టరు కావాలి. వీటి తరువాత రక్షణగా స్క్రీన్ ఫిల్టరో, డిస్క్ ఫిల్టరో ఉండాలి. నాచు నిండిన కుంట నీటికి స్క్రీన్ ఫిల్టరు ఒక్కటే అమర్చితే అది గంటలోపే మూసుకుపోతుంది. మూడుసార్లు కడిగిన రైతు నాలుగవసారి విసిగి లోపలి జల్లెడను తీసి పక్కన పడవేస్తాడు. ఆ క్షణం నుండి చివరి వరుసకు నీరు చక్కగా పారుతుంది. ఫిల్టరే అనర్థమని రైతు నిర్ధారణకు వస్తాడు. కొన్ని నెలల తరువాత డ్రిప్పర్లు మూసుకున్నపుడు కారణం ఎవరికీ గుర్తుండదు.

ఈ సందర్భంలో నిర్లక్ష్యం రైతుది కాదు. తప్పు ఎంపిక చేసినవారిది. హైడ్రోసైక్లోన్ విషయంలోనూ ఇటువంటి అపోహే ఉంది. పెద్దది తీసుకుంటే మేలన్న భావనతో మోటారు ప్రవాహానికి మించిన పరిమాణం అమర్చితే లోపల నీటి సుడి వేగం తగ్గి ఇసుక విడిపోదు. ఆ పరికరం ప్రవాహానికి సరిగ్గా సరిపోవాలి. పెద్దదైనా తప్పే, చిన్నదైనా తప్పే. స్ట్రెయినర్ ఫిల్టర్లకు, ఇసుక ఫిల్టర్లకు, హైడ్రోసైక్లోన్లకు వేర్వేరుగా భారతీయ ప్రమాణాలున్నాయి. పరికరం ప్రమాణానికి తగినట్లు తయారైనదా అన్నది ఒక ప్రశ్న. ఆ నీటికి తగినదా అన్నది మరొక ప్రశ్న. తనిఖీ పత్రాలలో మొదటిదానికి చోటుంది. రెండవదానికీ చోటు కల్పించాలి.

గేజులు చెప్పే మాట

ఫిల్టరు స్థితిని తెలుసుకోవడానికి దానిని విప్పనవసరం లేదు. లోనికి వచ్చే నీటి పీడనానికీ, వెలుపలికి పోయే నీటి పీడనానికీ గల తేడాయే దాని ఆరోగ్య సూచిక. శుభ్రంగా ఉన్నపుడు ఆ తేడా ఎంతో మొదటి రోజే రాసి ఉంచుకోవాలి. ఇసుక ఫిల్టరులో ఈ తేడా చదరపు సెంటీమీటరుకు 0.5 కిలోగ్రాములకు చేరేలోపే బ్యాక్ వాష్ చేయాలన్నది సాధారణ సిఫారసు.

తేడా పెరిగితే మలినం చేరిందని చాలామందికి తెలుసు. తేడా పెరగకపోవడం కూడా అనారోగ్య లక్షణమే కావచ్చునన్న సంగతి తక్కువమందికి తెలుసు. మురికి నీరు వారాల తరబడి పారుతున్నా రెండు గేజులు ఒకే అంకె చూపుతుంటే జల్లెడ చిరిగి ఉండవచ్చు, రబ్బరు సీలు పక్కకు జరిగి ఉండవచ్చు, ఇసుక పొరలో నీరు తనకొక బాట చేసుకుని వడపోతను తప్పించుకుని పోతూ ఉండవచ్చు. ఇసుక ఫిల్టరు తరువాతి స్క్రీనులో ఇసుక రేణువులు కనిపిస్తే లోపలి అడుగు జల్లెడ గొట్టాలు విరిగాయని అర్థం. బ్యాక్ వాష్ నీటిలో ఇసుక కొట్టుకువస్తే ఆ నీటి వేగం మితిమీరిందని అర్థం. ఇటువంటి నిదాన జ్ఞానాన్ని రైతుకు అందించడమే విస్తరణ శాస్త్రవేత్త పని. "వారానికొకసారి ఫిల్టరు కడగండి" అనే సలహా కరపత్రానికి సరిపోతుంది గాని పొలానికి సరిపోదు. ఏప్రిల్‌లో కుంట అడుగంటినపుడు రోజుకు రెండుసార్లు కడగవలసి రావచ్చు. తేటనీటి బోరు వద్ద పదిహేను రోజులకు కూడా అవసరం పడకపోవచ్చు. క్యాలెండరును బట్టి కాక గేజును బట్టి కడగడం సరైన పద్ధతి.

కడిగే తీరులోనూ జాగ్రత్తలున్నాయి. ఫిల్టరు మూత తీసేముందు మోటారు ఆపి, పీడనం పూర్తిగా తగ్గాక, పొలం వైపు వాల్వును మూయాలి. లేనిపక్షంలో జల్లెడకు అంటిన మురికి శుభ్రమైన వైపు జారి పైపులలోకి చేరుతుంది. జల్లెడను మెత్తని నైలాన్ బ్రష్షుతో రుద్దాలి. ఇనుప బ్రష్షు దానిని చింపుతుంది. డిస్కులను వదులు చేసి, ఒక్కొక్క దాని గాడులు కనబడేలా కడగాలి. సున్నపు పొర పట్టి ఉంటే పలుచని ఆమ్ల ద్రావణంలో నానబెట్టాలి. రబ్బరు సీలును తిరిగి దాని గాడిలోనే కూర్చోబెట్టాలి. మరమ్మతుకు వచ్చే ఫిర్యాదులలో కొన్ని, అతి తక్కువ ఖరీదు చేసే ఈ సీలును సకాలంలో మార్చకపోవడం వల్ల పుట్టేవే.

రసాయన శుద్ధి: మేలూ, ప్రమాదమూ

నీటిలో కరిగి ఉన్న సున్నం, ఇనుము వంటివి ఫిల్టరుకు చిక్కవు. అవి ఫిల్టరును దాటాక డ్రిప్పరు వద్ద ఘనీభవిస్తాయి. సున్నపు పొరకు హైడ్రోక్లోరిక్ ఆమ్లంతోనూ, నాచు, బ్యాక్టీరియా జిగురుకు క్లోరిన్‌తోనూ శుద్ధి చేయడం తెలిసిన పద్ధతులే. అయితే ఈ రెండింటినీ ఎన్నడూ కలపరాదు, ఒకదాని వెంట మరొకటి అదే తొట్టి నుండి పంపరాదు. కలిస్తే వెలువడే క్లోరిన్ వాయువు ప్రాణాంతకం. ఆమ్లాన్ని నీటిలో పోయాలే గాని నీటిని ఆమ్లంలో పోయరాదు. ఈ రెండు హెచ్చరికలు లేకుండా రసాయన శుద్ధిని సిఫారసు చేయడం బాధ్యతారాహిత్యం. ఎరువుల విషయంలోనూ మెలకువ అవసరం. సున్నం అధికంగా ఉన్న నీటిలో భాస్వరపు ఎరువును కలిపితే అవక్షేపం ఏర్పడుతుంది. కనుకనే ఎరువు కలిపే వెంచురిని ఇసుక ఫిల్టరు తరువాత, స్క్రీన్ ఫిల్టరుకు ముందు అమర్చుతారు.

డ్రిప్పర్లు మూసుకునే ప్రమాదాన్ని నీటి నాణ్యతను బట్టి అంచనా వేయడానికి 1979లో అమెరికాలో బక్స్, నకయామా, గిల్బర్ట్ అనే శాస్త్రవేత్తలు ఒక వర్గీకరణను ప్రతిపాదించారు. తేలియాడే ఘన పదార్థం లీటరుకు 50 మిల్లీగ్రాముల లోపు ఉంటే ప్రమాదం స్వల్పమనీ, 100 దాటితే తీవ్రమనీ అందులో ఉంది. ఉదజని సూచిక 8 దాటినా, ఇనుము లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటినా తీవ్రమే. నేటికీ పాఠ్యపుస్తకాలు ఈ అంకెలనే ఆధారం చేసుకుంటున్నాయి. ఇక్కడి గట్టిరాతి పొరల బోరు నీటికి, ఎండాకాలపు కుంట నీటికి, నేటి పలుచని ఇన్‌లైన్ లేటరల్స్‌కు ఇవి యథాతథంగా వర్తిస్తాయా అన్నది స్థానిక పరిశోధన తేల్చవలసిన ప్రశ్న. స్నాతకోత్తర విద్యార్థులకు ఇంతకంటే ఉపయోగకరమైన అంశాలు అరుదు.

నష్టం ఎవరిది?

వడపోత చెడితే పోయేది పరికరం మాత్రమే కాదు. ఒక మడిలో 16 డ్రిప్పర్ల కింద నీటిని పట్టి కొలిచినపుడు సగటు ప్రవాహం గంటకు 3.6 లీటర్లు, అందులో అతి తక్కువగా ఇచ్చే నాలుగింటి సగటు 1.8 లీటర్లు అనుకుందాం. అప్పుడు నీటి పంపిణీ సమానత 50 శాతం. ఇది 90 దాటితే శ్రేష్ఠం, 70కి లోపైతే అధమం. ఈ స్థితిలో రైతు ఎదుట రెండే దారులున్నాయి. మోటారును అదే సమయం నడిపితే కొన్ని చెట్లు ఎండుతాయి. ఎండుతున్న చెట్లను కాపాడడానికి రెట్టింపు సమయం నడిపితే మిగిలిన చెట్ల వేళ్ల కిందికి నీరు, దానితో పాటు నత్రజని జారిపోతాయి. ఆదా కావలసిన నీరు ఆదా కాదు, కరెంటు ఖర్చు పెరుగుతుంది, భూగర్భ జలం మరింత లోతుకు పోతుంది. చివరికి రైతు లేటరల్స్‌ను చుట్టచుట్టి గట్టున పడవేసి కాలువ పారుదలకే మళ్లుతాడు. నివేదికలో మాత్రం ఆ ఎకరం బిందు సేద్యం కిందనే లెక్కకు వస్తుంది.

మార్గదర్శకాలు సూక్ష్మ సేద్య పరికరానికి 7 సంవత్సరాల ఆయుష్షును అంచనా వేసి, ఆ తరువాతనే రెండవసారి సహాయానికి అర్హత కల్పిస్తున్నాయి. మూడవ ఏటనే డ్రిప్పర్లు మూసుకున్న రైతుకు మిగిలిన నాలుగేళ్లు నిరీక్షణే. ప్రజాధనమూ, రైతు వాటా ధనమూ ఒక చిరిగిన జల్లెడ వల్ల వృథా కావడం విచారకరం.

వినవచ్చే అభ్యంతరాలు

ఇది రైతు స్వయంగా చూసుకోవలసిన పని గదా అన్నది మొదటి అభ్యంతరం. అందులో సత్యం లేకపోలేదు. రోజువారీ శుభ్రత రైతుదే. కాని గేజు లేని ఫిల్టరును ఇచ్చి, లేదా మొదటి ఏడే పనిచేయడం మానిన గేజును మార్చకుండా వదిలి, నిర్వహణ లోపమని రైతును నిందించడం న్యాయం కాదు. విడిభాగం కోసం జిల్లా కేంద్రానికి రెండుసార్లు తిరిగి ఖాళీ చేతులతో వచ్చిన రైతు మూడవసారి వెళ్లడు. పైగా అనేక ప్రాంతాలలో భూమి కౌలుదారు చేతిలో ఉంటుంది, పరికరం యజమాని పేరిట ఉంటుంది. సేవ కోరే హక్కు ఎవరిదో తేలక ఫిల్టరు అనాథ అవుతుంది.

తమంతట తామే కడుగుకునే స్వయంచాలిత ఫిల్టర్లు వచ్చాయి గనుక సమస్య తీరినట్లేనన్నది రెండవ వాదన. పెద్ద కమతాలకు, సామూహిక పథకాలకు అవి తగినవే. అయితే అవి నిర్వహణ అవసరాన్ని తొలగించవు. దానిని సామాన్య మెకానిక్కు చేతికందని స్థాయికి పెంచుతాయి. రెండెకరాల రైతుకు కావలసినది రెండు నమ్మకమైన గేజులు, ఒక మంచి జల్లెడ, దగ్గరలో విడిభాగం.

విస్తరణ సిబ్బందికి ఇప్పటికే పనిభారం ఎక్కువన్నది మూడవ అభ్యంతరం. ఇది వాస్తవం. కనుకనే కొత్త పథకం కాక, ఉన్న పనుల క్రమంలో మార్పు కావాలి.

చేయదగిన పనులు

మొదటిది, నీటి పరీక్ష ఫలితం జతచేయనిదే ఫిల్టరు రకాన్ని ఆమోదించకపోవడం. భూసార పరీక్షకు మట్టి తెచ్చే రైతు చేత ఒక సీసా నీరు కూడా తెప్పించడం కష్టమైన పని కాదు. వానాకాలంలో ఒకసారి, వేసవిలో ఒకసారి పరీక్షిస్తే మరీ మంచిది.

రెండవది, ఫిల్టరుకు ఇరువైపులా పనిచేసే గేజులుండాలన్న నియమాన్ని తనిఖీలో ఖచ్చితంగా పాటించడం. మొదటి రోజు పీడన తేడాను ఫిల్టరు మీదనే చెరగని రంగుతో రాయించాలి. మోటారు పెట్టె తలుపు లోపల ఒక చిన్న నమోదు పత్రం అతికించాలి. భవనంలోని రిజిస్టరుకు పొలంలో ఇదే ప్రత్యామ్నాయం.

మూడవది, మండలానికి కొందరు గ్రామీణ యువతకు ఫిల్టరు మరమ్మతులో చేతిపని శిక్షణ ఇచ్చి, సీలులు, జల్లెడలు, గేజులు వారి వద్ద లభించేలా చూడడం. పంపు మెకానిక్కులకు ఈ పనిని నేర్పడం సులువు. కృషి విజ్ఞాన కేంద్రాలు, ఏరువాక కేంద్రాలు ఇందుకు తగిన వేదికలు.

నాలుగవది, గ్రామాలలో ఉండి నేర్చుకునే వ్యవసాయ పట్టభద్ర విద్యార్థులు తమ గ్రామంలోని బిందు సేద్య క్షేత్రాలలో నీటి పంపిణీ సమానతను కొలిచి నివేదించడం. నాలుగు లేటరల్స్, ఒక్కొక్క దానిపై నాలుగు డ్రిప్పర్లు, కొన్ని డబ్బాలు, ఒక కొలపాత్ర, ఒక గడియారం ఉంటే చాలు. ఏటా వందల గ్రామాల నుండి ఈ కొలతలు వస్తే ఏ నీటికి ఏ ఫిల్టరు నిలిచింది, ఏది నిలవలేదు అన్న సమాచార నిధి విశ్వవిద్యాలయాలకు సమకూరుతుంది. విద్యార్థి కూడా మూసుకున్న జల్లెడను ఒక్కసారి తన చేతులతో కడిగితే, తరగతిలో విన్న పీడన సిద్ధాంతం అతనికి ఎన్నటికీ మరపునకు రాదు.

ఐదవది, పథకం ఫలితాన్ని అమర్చిన హెక్టార్లతో పాటు మూడవ ఏట పనిచేస్తున్న హెక్టార్లతోనూ లెక్కించడం. కొలిచేదానిపైనే యంత్రాంగం దృష్టి నిలుస్తుంది. నమూనాగా కొన్ని క్షేత్రాలను ఏటా కొలిచినా వాస్తవం బయటపడుతుంది.

బిందు సేద్యం ఎన్నో ఏళ్ల ప్రచారంతో, రాయితీతో, రైతుల సాహసంతో ఈ నేలలో వేళ్లూనుకుంది. బోర్లు ఎండుతున్న ప్రాంతాలలో దానికి సాటియైన మార్గం మరొకటి లేదు. ఇకపై గ్రామాన్ని సందర్శించే విస్తరణ శాస్త్రవేత్త పంటను చూడడానికి ముందు ఫిల్టరు వద్ద ఆగి, రెండు గేజులనూ చదివి, మూత విప్పించి, జల్లెడను వెలుతురుకు ఎత్తి పట్టి చూడాలి. ఆ తరువాత నడిచి వెళ్లి చివరి వరుసలోని చివరి డ్రిప్పరు కింద ఒక డబ్బా పెట్టాలి. ఆ డబ్బాలో చేరిన నీటి కొలత ఆనాటి సందర్శన నివేదికలో మొదటి పంక్తి కావాలి.